తోడుపెళ్లికూతురు

పెద్ద పెద్ద లా కంపెనీల్లో ఆమెను అందరూ పేరమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు అది కాదు. పెళ్లిళ్ల పేరయ్య సంబంధాలు కుదిర్చినట్టు ఆమె లాయర్లకు ఉద్యోగాలు కుదురుస్తుంది కాబట్టి, ఎవరో గడుగ్గాయి లాయరు ఒకసారి సరదాకి అన్నాడు, అది కాస్తా అతుక్కుపోయింది. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఫోనెత్తి తనే "పేరమ్మను మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. ఏ కంపెనీలో ఏ కుర్చీ ఖాళీ కాబోతోందో, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కంటే ముందు ఆమెకు తెలిసిపోతుందని చెప్పుకునేవారు. అందులో కొంత గాలి కబురు ఉన్నా చాలామటుకు నిజమే.

ఏ వ్యాపారంలోనైనా లోపలివాళ్లు వాడుకునే మాటలు కొన్ని ఉంటాయి. ఈ వ్యాపారంలో అలాంటిదొకటి, తోడుపెళ్లికూతురు. ఏళ్ల తరబడి ఈ లా కంపెనీలన్నీ ఒకే అచ్చులో పోసిన మనుషుల్ని తీసుకుంటూ వచ్చాయి. అవే రెండు మూడు కాలేజీలు, అవే వీధుల్లోని ఇళ్లు, అదే రకం కోటు, అదే రకం నవ్వు. వాళ్లకు ఫీజులు కట్టే బ్యాంకులకు చివరికి విసుగొచ్చింది. "ఇకమీదట భాగస్వామి కుర్చీకి ఎవరెవర్ని పిలిచినా సరే, ఇంతవరకు మీ గడప తొక్కనివ్వనివాళ్లు అందులో ఒక్కరైనా ఉండాలి" అని షరతు పెట్టాయి. పిలవాలన్నారు గానీ తీసుకోవాలనలేదు కదా! లాయర్లకు ఆ మాత్రం సందు చాలు. లోపల ఒకరిని ఖాయం చేసుకుని, షరతు తీరడానికి ఇంకొకరిని పిలిచి, కాఫీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపేవారు. ఆ ఇంకొకరే తోడుపెళ్లికూతురు. అలంకారమంతా ఉంటుంది, పీట పక్కన చోటూ ఉంటుంది, తాళి మాత్రం మెడలో పడదు. "అసలు మనిషి కుదిరిపోయాడు పేరమ్మగారూ, ఒక తోడుపెళ్లికూతుర్ని చూసిపెట్టండి" అని గొంతు తగ్గించి అడిగేవారు. పేరమ్మ చూసిపెట్టేది. వెళ్లేవాళ్లకు మాత్రం ఆ సంగతి చెప్పేది కాదు. చెబితే ఎవరు వెళ్తారు?

అదే పేరమ్మ సభల్లో మైకు పట్టుకుని, లా కంపెనీల తలుపులు అందరికీ తెరుచుకోవాలని మాట్లాడితే చప్పట్లు మోగిపోయేవి. అప్పుడు ఆమె అబద్ధమాడుతోందని అనలేం. మైకు ముందున్నంతసేపూ నమ్మేది.

ఆమెకు ఒక చెల్లెలుంది. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పేదట, అందుకా పేరు. బడికి వెళ్లే వయసులో పెద్ద జ్వరమొచ్చి రెండు చెవులూ దెబ్బతిన్నాయి. కబుర్లు తగ్గలేదు గానీ, అప్పట్నుంచి చెవుల్లో యంత్రాలు, ఎదుటివాళ్ల పెదవుల మీద చూపు. యంత్రాలు సగం వినిపిస్తే మిగతా సగం పెదవులు చెప్పేవి. అలాగే లా చదివింది. అలాగే కోర్టులు తిరిగింది. ఇప్పుడు ఒక మోస్తరు కంపెనీలో, ఒక సంస్థ ఇంకో సంస్థను కొనేటప్పుడు రాసుకునే ఒప్పందాలు రాస్తుంది.

రాయడం వరకే. క్లయింటు ఫోన్లోకి వచ్చేసరికి పైవాళ్లు "నీకెందుకమ్మా శ్రమ" అని ఆమెను బయటికి పంపేసేవారు. కాగితం ఆమెది, గొంతు ఇంకొకరిది. ఆమె రాసిన మాటల్నే వాళ్లు చదివి, మెప్పు పొంది, సాయంత్రం వచ్చి "చాలా బాగా రాశావు" అని వీపు తట్టేవారు. ఆ తట్టు పిచ్చుకకు అక్కర్లేదు. క్లయింటు ఎదురుగా కూర్చుని తన మాట తను చెప్పుకోవాలి, అంతే ఆమె కోరిక. ఆ మోస్తరు కంపెనీలో అది ఈ జన్మకు జరిగేది కాదు.

అలా ఉండగా ఒక సోమవారం, ఊళ్లో అన్నిటికంటే పెద్ద లా కంపెనీ నుంచి నియామకాల మేనేజరు పేరమ్మకు ఫోన్ చేశాడు. భాగస్వామి కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఒప్పందాల విభాగం. అలాంటి కుర్చీ అక్కడ ఏళ్లకోసారి ఖాళీ అవుతుంది.

"మనిషి కుదిరిపోయాడు లెండి," అన్నాడు అతను. "మావాళ్ల కాలేజీవాడే. మీరు మాకో తోడుపెళ్లికూతుర్ని పంపండి. ఈ వారమే."

పేరమ్మ మనసులోనే వెతుక్కుంది. తెలిసినవాళ్లందర్నీ అప్పటికే ఎక్కడో అక్కడ ఆ పీట పక్కన నిలబెట్టేసింది. కొందరికి అనుమానమొచ్చి ఫోనెత్తడం మానేశారు. అప్పుడు నాలిక మీదికి చెల్లెలి పేరు వచ్చింది.  ముఖపరిచయమైనా అవుతుంది, పోయేదేముంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. "మా చెల్లెలే ఉంది, చెప్పేస్తున్నా ముందే," అంది. "మరీ మంచిది" అన్నాడు మేనేజరు. అతనికి కావాల్సింది మనిషి, ఎవరి చెల్లెలైతేనేం?

పిచ్చుక మంగళవారం వెళ్లి వచ్చింది. అక్కాచెల్లెళ్లవి ఒకే మేడలో కింద వాటా, పై వాటా. అమ్మ చెల్లెలి దగ్గర పై వాటాలో ఉంటుంది. పేరమ్మ ఆ సాయంత్రం మెట్లెక్కి వెళ్లేసరికి పిచ్చుక చెప్పులు కూడా విప్పకుండా అమ్మకు చెబుతోంది, అక్కను చూసి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది.

"అక్కా, అక్కడ పెద్దమేడం ఉన్నారు చూడు, ఆ విభాగానికంతా పెద్ద. నేను కూర్చోగానే అందరితో ఏమన్నారో తెలుసా? 'ఒకరి మీద ఒకరు పడి మాట్లాడకండి. మాట్లాడాలనుకున్నవాళ్లు ముందు చెయ్యెత్తండి, ఎటు చూడాలో ఆవిడకు తెలుస్తుంది' అన్నారు. అంతంత లాయర్లు బడిపిల్లల్లా చేతులెత్తారు! నాకు నవ్వాగలేదు."

పేరమ్మ కూడా నవ్వింది. ఇవన్నీ ముచ్చట్లు అనుకుంది లోపల. తోడుపెళ్లికూతురికి కుర్చీ జరపడం, మంచినీళ్లు తెప్పించడం ఎప్పుడూ ఘనంగానే ఉంటుంది.

"ఆ తర్వాత విను. బల్ల చివర ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు. ఒకాయన పక్కాయనతో 'ఈవిడ ఫోన్లో క్లయింటుతో ఎలా వేగుతుంది?' అన్నాడు. నాకు పెదవులు కనిపించాయి. వెంటనే అటు తిరిగి, 'మీరు అడిగారు కదా, చెప్తానండీ' అన్నాను. 'ఫోన్లో మాట్లాడను. తెర మీద ముఖం చూస్తూ మాట్లాడతాను. ప్రతి మాటా పక్కనే అక్షరాల్లో వస్తుంటుంది. ఆర్నెల్ల తర్వాత క్లయింటు ఏమన్నాడో ఈ గదిలో నాకొక్కదానికే కచ్చితంగా తెలుస్తుంది' అన్నాను. అందరూ కొయ్యబారిపోయారక్కా!"

"పెద్దవాళ్లు చెవుల్లో చెప్పుకునేదానికి జవాబిస్తావుటే!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

పేరమ్మ మాత్రం ఈసారి నవ్వలేదు. ఉన్న కాస్త మర్యాదా పోగొట్టుకుని వచ్చిందనుకుంది. "ఎప్పుడు చేరగలవని అడిగారా?" అంది.

"లేదు."

"ఇప్పుడున్నచోట ఎన్నాళ్ల ముందు చెప్పాలని?"

"అదీ అడగలేదు. ఏం?"

"ఊరికే."

ఊరికే కాదు. నిజంగా తీసుకోవాలనుకున్న మనిషిని ఎప్పుడొస్తావని అడగని కంపెనీని పేరమ్మ తన సర్వీసులో చూడలేదు. పైగా మాట్లాడే వేళ కూడా భోజనానికి ముందు ఇచ్చారు, అంటే త్వరగా ముగించి పంపేయడానికే. ఎటు తిప్పి చూసినా ఆమెకు ఒకటే కనబడింది. మర్నాడు మేనేజరు ఫోన్ చేసి, గురువారం పొద్దున భాగస్వాములందరితో ఆఖరి సమావేశం, చెల్లెల్ని పంపమన్నాడు. "అందాకా తీసుకెళ్తున్నారా?" అంది పేరమ్మ. "బ్యాంకువాళ్లు అడుగుతారు కదండీ, ఎందాకా రానిచ్చారని," అన్నాడతను. ఇంకేం కావాలి!

బుధవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పై వాటా అంతా కోలాహలంగా ఉంది. పిచ్చుక సోఫాలూ కుర్చీలూ జరిపి, భోజనాల బల్లని గది మధ్యకు లాగింది. అమ్మను పెద్దమేడంగా కూర్చోబెట్టింది. అమ్మ ముక్కు కొసకు కళ్లద్దాలు జార్చుకుని, పాపం, చేతనైనంత కోపంగా చూస్తోంది.

"ఏమ్మా, నీకు బాగా రాయడం వచ్చునా?" అంది అమ్మ.

"అలా అడగరమ్మా! ఇద్దరు క్లయింట్లు ఒకే సంస్థను కొంటామంటే ఎవరి పక్షం తీసుకుంటావని అడుగు."

"ఎవరి పక్షమెందుకు, ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్దిచెప్పు."

పిచ్చుక పడీపడీ నవ్వింది. నవ్వుతూనే గుమ్మంలో నిలబడ్డ అక్కను చూసి, "రా అక్కా, నువ్వు బల్ల చివరి గుసగుసలాయనవి. రేపు ఏం అడుగుతారో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అంది. ఆ ముఖం వెలిగిపోతోంది. పెళ్లివారు వచ్చి నచ్చిందన్నట్టుగా ఉంది.

పేరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఎంతమందిని పంపిందో, వాళ్లెవరి ఇంటికీ ముందురోజు సాయంత్రం వెళ్లి చూడలేదు. వాళ్లూ ఇలాగే బల్లలు జరుపుకుని ఉంటారు, ఇలాగే ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి అడిగించుకుని ఉంటారు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి తట్టుకోలేకపోయింది. రేపు వాళ్లందరి ముందూ ఇంత ఆశతో కూర్చుని, కాఫీ తాగి, ఖాళీ చేతులతో తిరిగొచ్చే చెల్లెలు కళ్లముందు కదిలింది. ఇప్పుడే చెప్పేస్తే ఆ అవమానమైనా తప్పుతుందనుకుంది.

"పిచ్చుకా, ఇలా కూర్చో. నువ్వు రేపు అంత ఆశ పెట్టుకోవద్దు. వాళ్లకు మనిషి ముందే కుదిరిపోయాడు. నిన్ను తోడుపెళ్లికూతురిగా పిలిచారు."

పిచ్చుక కనుబొమలు ముడిచింది. అక్క పెదవుల వైపు ఇంకాస్త వంగింది. "మళ్లీ చెప్పు. సరిగ్గా చూడలేదు. పెళ్లేమిటి?"

ఒకసారి అనడమే కష్టమైన మాటను పేరమ్మ రెండోసారి అనాల్సి వచ్చింది. అదీ నెమ్మదిగా, ముక్కముక్కగా, వెలుతురు ముఖం మీద పడేలా తిరిగి. అంటూ ఉంటేనే తెలిసింది అది ఎంత పాడుమాటో. తర్వాత దాని అర్థం కూడా చెప్పింది. బ్యాంకుల షరతు, మేనేజరు ఫోను, భోజనానికి ముందు వేళ, అడగని ప్రశ్న, అన్నీ.

 అమ్మే ముందు తేరుకుంది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "తెలిసి తెలిసి పిల్లనెలా పంపావే?" అంది.  ముఖపరిచయం అన్న మాట పేరమ్మ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"అంటే మొదట్నుంచీ నీకు తెలుసన్నమాట," అంది పిచ్చుక. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను రేపు వెళ్లను. వాళ్లకు నువ్వే చెప్పేయ్." అని చెవుల్లోంచి యంత్రాలు తీసి చిన్న డబ్బాలో పెట్టుకుంది. ఆ ఇంట్లో తలుపు వేసుకోవడమంటే అదే. ఇక ఎవరేమన్నా ఆమెకు చేరదు.

మర్నాడు పొద్దున పిచ్చుక మామూలుగా తన ఆఫీసుకు వెళ్లిపోయింది. పేరమ్మ కూడా తన ఆఫీసుకు వచ్చి కూర్చుంది. పెద్ద కంపెనీకి చెప్పాలని గుర్తుంది. కానీ తొందరేముంది అనుకుంది. తోడుపెళ్లికూతురు రాకపోతే పెళ్లి ఆగుతుందా? ఇదివరకు అలా రానివాళ్లు ఒకరిద్దరున్నారు. ఎవరూ ఎందుకు రాలేదని కూడా అడగలేదు, పిలిచాం చాలనుకున్నారు. మధ్యాహ్నం ఒక ముక్క రాసి పడేస్తే సరిపోతుందని వేరే ఫోన్లలో పడింది. ఆ వ్యాపారంలో తల పండినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. కొత్తవాళ్లయితే భయపడి తెల్లారగానే చెప్పేసేవారు.

పదిన్నరకు ఫోన్ మోగింది. మేనేజరు కాదు, పెద్దమేడం. ఆవిడ స్వయంగా ఎవరికీ ఫోన్ చేయరు.

"పేరమ్మగారూ, మీ చెల్లెలుగారు ఎక్కడిదాకా వచ్చారు? పైన అందరం కూర్చుని ఉన్నాం. ఆవిడకు పెట్టిన మెసేజీలకు జవాబు లేదు."

"అయ్యో, మీరింకా... క్షమించండి మేడం, నేను చెప్పాల్సింది. తనకు కుదరలేదు. మీరు కానిచ్చేయండి."

"ఏమిటి కానిచ్చేది?"

"అదే మేడం, ఆయన ఉన్నారు కదా. మా చెల్లి కోసం ఆగడమెందుకు?"

 "మీకెవరూ చెప్పలేదా?" అన్నారు పెద్దమేడం. "మేం మీ చెల్లెలుగారిని ఎంచుకున్నాం. నిన్న సాయంత్రమే మాట్లాడుకున్నాం. ఇవాళ అందరి ముందూ ఒకసారి కూర్చుంటే చేతులెత్తి ఖాయం చేసేస్తాం."

పేరమ్మకు ఆ మాటలు వినపడ్డాయి గానీ బుర్రకెక్కలేదు. "ఎవర్ని?" అంది.

"ఎవరినేమిటండీ!"

"మరి ఆయన... ముందే ఖాయమని..."

"మొదట అనుకున్న మాట నిజమే. మంగళవారం ఈవిడ మాట్లాడాక ఆ అనుకున్నది పోయింది. ఆ గుసగుసకు జవాబిచ్చారు చూశారూ, మా వృత్తిలో అంతకంటే కావాల్సిందేముంది? ఎదుటివాళ్లు చెప్పకుండా దాచుకున్నది పట్టుకుని, నెమ్మదిగా బల్ల మీద పెట్టారు."

"ఎప్పుడు చేరతావని కూడా అడగలేదు మీరు!" పేరమ్మ దాదాపు అరిచింది. దెబ్బలాడుతున్నట్టే ఉంది.

"ఎప్పుడొచ్చినా సరే అనుకున్నాం. ఇంకెందుకు అడగడం?"

పేరమ్మ లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.  నిన్న ఆమె చెప్పింది అబద్ధం కాదు. సోమవారం నాటికి అక్షరాలా నిజం. మంగళవారం మధ్యాహ్నానికి పాచిపోయింది. ఆ పాచిపోయిన నిజాన్ని పట్టుకెళ్లి బుధవారం సాయంత్రం చెల్లెలికి తినిపించింది.

"ఎంతసేపు ఆగగలరు మేడం?"

"ఇక్కడ నాతో ఏకీభవించనివాళ్లు కూడా ఉన్నారు. అప్పుడే వాచీలు చూసుకుంటున్నారు. త్వరగా తీసుకురండి."

పిచ్చుక ఆఫీసు రెండు వీధుల అవతల. పేరమ్మ చేతిసంచీ కూడా తీసుకోకుండా పరిగెత్తింది. దారంతా ఫోన్లో మెసేజీలు కొడుతూనే ఉంది, అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆఫీసు ముందు గదిలో కూర్చున్న అమ్మాయి "మీటింగులో ఉన్నారండీ, లోపలికి పంపొద్దన్నారు" అంది. ఏ లా కంపెనీకైనా పేరు చెప్పి నడిచి వెళ్లే పేరమ్మను ఆ అమ్మాయి ఎరగదు. అద్దాల గోడ అవతల, చివరి బల్ల దగ్గర, చెల్లెలు వీపు కనబడుతోంది. పేరమ్మ అద్దం మీద అరచేతులతో బాదింది. లోపలివాళ్లంతా తలలు తిప్పారు, ఒక్క పిచ్చుక తప్ప. యంత్రాలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. చివరికి పక్కనున్న కుర్రలాయరు ఆమె భుజం తట్టి, అద్దం వైపు చూపించాడు.

పిచ్చుక తిరిగి చూసింది. అక్క జుట్టంతా రేగిపోయి, అద్దానికి ముఖం ఆనించి, చెప్పింది. అరవలేదు. గొంతు ఎలాగూ అటు వెళ్లదు. పెదవులు ఒక్కొక్క మాటగా కదిపింది. నిన్నే. ఎంచుకున్నారు. నిజంగా. పద.

గదిలో మిగతావాళ్లకు నోరు తెరిచి మూస్తున్న ఆడమనిషి తప్ప ఏమీ కనబడలేదు. పిచ్చుక మాత్రం అద్దం మీదే చూపు నిలిపింది. తర్వాత చెయ్యెత్తి గాలిలో చిన్నగా తిప్పింది. మళ్లీ చెప్పమని. పేరమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి కళ్లనీళ్లు పెదవుల మీదికి కారుతున్నాయి, మాటలు సరిగ్గా కనబడ్డాయో లేదో. కనబడే ఉంటాయి. పిచ్చుక యంత్రాల డబ్బా అందుకుని, కుర్చీ తోసేసి బయటికి వచ్చింది.

ఇద్దరూ రోడ్డెక్కి పరిగెత్తారు. పిచ్చుక పరిగెత్తుతూనే ఒక్కో యంత్రం చెవికి తగిలించుకుంది. ఏమీ అడగలేదు. ముఖం మాత్రం నిన్న సాయంత్రంలా వెలగడం మొదలైంది. పేరమ్మ ఆ వెలుగు చూసి ఇంకా గట్టిగా పరిగెత్తింది. పెద్ద కంపెనీ మేడలో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి, తీరిగ్గా తలుపులు తెరిచి మూసింది.

పై అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి ఎదురుగా కోట్లు. భాగస్వాములు గుంపుగా బయటికి వస్తున్నారు, భోజనం గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకరిద్దరు పిచ్చుకను చూసి మర్యాదగా తలలు ఊపి లిఫ్టులోకి ఎక్కేశారు. అందరికంటే ఆఖర్న పెద్దమేడం వచ్చారు. వీళ్లిద్దర్నీ చూసి ఆగిపోయారు.

"అయిపోయిందమ్మా," అన్నారు పిచ్చుకకు ఎదురుగా నిలబడి, మాటలు స్పష్టంగా కనబడేలా. "ఆపగలిగినంత ఆపాను. వేళకు కబురు లేదు, మనిషి లేదు. 'ఇలాంటివాళ్లను తెచ్చి నెత్తిన పెట్టుకుంటే ఇంతే, నిలకడ ఉండదు' అన్నారు. జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. నిన్న మీకోసం చెయ్యెత్తుతామన్నవాళ్లు కూడా దించేశారు. మొదట అనుకున్న ఆయనకు ఫోన్ చేసేశారు, ఆయన వస్తానన్నారు."

"తన తప్పు కాదు మేడం!" పేరమ్మ మధ్యలోకి వచ్చింది. "నేనే వద్దన్నాను. ఉత్తుత్తి పిలుపు అనుకున్నాను. తోడుపెళ్లికూతురని చెప్పి నేనే ఆపేశాను. లోపలికి వెళ్లి అందరికీ చెప్తాను, నా వ్యాపారం పోతే పోనీ."

పెద్దమేడం ఆమె వైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం రావడానికి కూడా టైం పట్టింది, ముందు నమ్మలేకపోయారు. "మీరా?" అన్నారు. "మీ ఉపన్యాసం విని మావాళ్లలో ఇద్దరు మనసు మార్చుకున్నారు, తెలుసా? ఈవిడకు చెయ్యెత్తుతామన్నది వాళ్లే." లిఫ్టు వైపు చూసి, "ఇప్పుడు చెప్పినా లాభం లేదు. వాళ్ల మాట నిజమైందని వాళ్లు సంతోషంగా ఉన్నారు. ఇంకో ఏడాది, ఇంకో మనిషిని తీసుకొస్తానంటే నా మాట ఎవరూ వినరు" అన్నారు.

పిచ్చుక ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది, ఒక్క మాటా జారిపోకుండా. చివరికి పెద్దమేడంతో చెయ్యి కలిపి, "నా కోసం అంతసేపు ఆపారు. చాలా థ్యాంక్సండీ" అంది. లిఫ్టు బొత్తాం నొక్కింది.

 కింద హాల్లో జనం తిరుగుతున్నారు. పిచ్చుక ఒక స్తంభం పక్కకు జరిగి, అక్క రెండు భుజాలూ పట్టుకుని, వెలుతురు ముఖం మీద పడేలా తిప్పుకుంది.

"వాళ్ల సంగతి వదిలెయ్. ఫోనొచ్చిన సోమవారం నుంచి ఇవాళ పొద్దునదాకా, నేను నెగ్గుతానని ఒక్కసారైనా అనుకున్నావా అక్కా?"

పేరమ్మ వెతుక్కుంది. ఒక్క క్షణం దొరికినా చాలు, దాన్ని పట్టుకుని అవునందామని వెతుక్కుంది. సోమవారం లేదు. చేతులెత్తించిన కబురు విన్నప్పుడు లేదు. గుసగుసకు జవాబిచ్చానని చెల్లెలు గర్వంగా చెప్పినప్పుడు, ఊరంతటిలో అతి పెద్ద లా కంపెనీ కొయ్యబారిపోయినప్పుడు కూడా, చెడగొట్టుకుని వచ్చిందనుకుంది. పెద్దమేడం కనిపెట్టారు. చెయ్యెత్తుతామన్నవాళ్లు కూడా ఒక రోజుకైనా నమ్మారు. ఒకే మేడలో ఉంటున్న తను నమ్మలేదు.

అబద్ధం చెప్పాలనిపించింది. చెల్లెలి చూపు పెదవుల మీద ఉంది.

"లేదు," అంది. గొంతు బయటికి రాలేదు.

పిచ్చుక మళ్లీ చెప్పమనలేదు. అక్క భుజాల మీది చేతులు తీసేసి, "నాకు మీటింగుంది" అని, తలుపు తోసుకుని, తన ఆఫీసు వైపు నడిచి వెళ్లిపోయింది. పేరమ్మ వెనకనుంచి పిలిచింది, మళ్లీ పిలిచింది. పిచ్చుక వెనక్కి తిరిగి చూడలేదు.